ఆఫీసు సెల్లార్‌లో చోటు ఎవరికి? పార్కింగ్, ఉద్యోగుల రాకపోకలపై పాఠకుల ప్రశ్నలు

కార్యాలయాల్లో పార్కింగ్ కేటాయింపు గురించి, ఉద్యోగుల రోజువారీ ప్రయాణాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి ముడిపడిన వాటిని ఈ సంచికలో ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. ఉత్తరాలను కుదించి, వ్యక్తుల పేర్లు, సంస్థల పేర్లు తీసివేశాము.

ప్రశ్న: మాది నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ సంస్థ. సుమారు 600 మంది పనిచేస్తున్నాము. లీజుతో పాటు సెల్లార్‌లో 150 కార్లకు చోటు వచ్చింది. మేనేజర్లకు, ఆపై స్థాయి వారికి పేరు రాసి శాశ్వతంగా కేటాయించాము. మిగిలిన వారిలో చాలామంది తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. పక్క భవనం యజమాని మరో 40 కార్లకు నెలసరి అద్దె మీద చోటు ఇస్తానంటున్నారు. అడ్మిన్ విభాగం చూసే నేను యాజమాన్యానికి ఏమని సిఫార్సు చేయాలి? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ 40 చోట్లకు ఇప్పుడే సంతకం చేయవద్దని సిఫార్సు చేయండి. ముందుగా, ఉన్న 150 చోట్లలో రోజూ ఎన్ని నిండుతున్నాయో రెండు వారాల పాటు ఉదయం 11 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి సెక్యూరిటీ సిబ్బంది చేత లెక్క పెట్టించండి. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసే పద్ధతి ఉన్న సంస్థల్లో, పేరు రాసిపెట్టిన చోటు యజమాని రాని రోజున ఖాళీగా ఉండిపోతుంది. అదే రోజున వంతు రాని ఉద్యోగి సర్వీసు రోడ్డు మీద కారు నిలిపి చలానా కట్టవలసి వస్తుంది. మీ దగ్గర కొరతలో ఎంత భాగం నిజమైనదో, ఎంత భాగం కేటాయింపు పద్ధతి వల్ల పుట్టిందో ఆ లెక్క వల్ల తేలుతుంది.

ఆ తరువాత స్థలం లెక్క చూడండి. ఒక కారుకు సెల్లార్‌లో, అది తిరగడానికి కావలసిన దారితో సహా, 32 చదరపు మీటర్లు కావాలని ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 లెక్క కట్టింది. అంటే దాదాపు 344 చదరపు అడుగులు. ఒక ఉద్యోగి కూర్చుని పనిచేయడానికి, నడవలు, సమావేశ గదులు కలుపుకొని, ఐటీ కార్యాలయాల్లో సాధారణంగా 80 నుంచి 100 చదరపు అడుగులు లెక్క వేస్తారు. మనిషి కంటే ఆ మనిషిని మోసుకొచ్చిన కారుకు మూడు రెట్లకు పైగా చోటు ఇస్తున్నామన్న మాట. అది రోజంతా కదలకుండా ఉండే వస్తువు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపిస్తే, పార్కింగ్‌ను భవనంతో పాటు ఊరికే వచ్చే సౌకర్యంగా భావించే ఆర్థిక విభాగం వారు కూడా ఒక్కసారి ఆగి ఆలోచిస్తారు.

ఇక్కడే అసలు విషయం ఉందని నా అభిప్రాయం. ఉచిత పార్కింగ్ అనేది సంస్థ తన ఖర్చుతో ఇస్తున్న వేతనంలో ఒక భాగం. అయితే ఆ భాగం కారులో వచ్చిన వారికి మాత్రమే అందుతుంది. అదే అంతస్తులో, అదే హోదాలో పనిచేస్తూ మెట్రోలోనో బస్సులోనో వచ్చే ఉద్యోగికి ఆ మేరకు తక్కువ ముడుతున్నట్టే. పైగా సంస్థ ఇచ్చే ఈ రాయితీ, కారులో రావడానికి ఇస్తున్న బహుమానంగా కూడా పనిచేస్తుంది. పర్యావరణ దినోత్సవం నాడు మొక్కలు నాటి, మిగిలిన ఏడాదంతా కారులో రమ్మని డబ్బిచ్చే పద్ధతిని నేను సమర్థించలేను.

దీనికి విరుగుడుగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1992లోనే ఒక చట్టం చేసింది. సొంత స్థలం కాకుండా అద్దె చోటు తీసుకుని ఉద్యోగులకు ఉచితంగానో తక్కువకో ఇచ్చే సంస్థల్లో 50 మంది, అంతకు మించి ఉద్యోగులు ఉంటే, పార్కింగ్ వద్దన్న ఉద్యోగికి ఆ విలువను నగదుగా ఇవ్వాలన్నది దాని సారాంశం. లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన డొనాల్డ్ షూప్ ఆ చట్టాన్ని అమలు చేసిన ఎనిమిది సంస్థలను పరిశీలించి 1997లో ఫలితాలు ప్రచురించారు. ఒంటరిగా కారు నడుపుకొచ్చేవారి సంఖ్య 17 శాతం తగ్గింది. కలిసి కారులో వచ్చేవారు 64 శాతం, బస్సు, రైళ్లలో వచ్చేవారు 50 శాతం పెరిగారు. ఎవరి చోటూ బలవంతంగా లాక్కోలేదు, ఎవరి దగ్గరా రుసుము వసూలు చేయలేదు. వద్దనుకున్నవారికి డబ్బు ఇచ్చారు, అంతే. పక్క భవనం యజమానికి మీరు నెలనెలా కట్టబోయే అద్దెను 40తో భాగించండి. ఆ మొత్తాన్ని, లేదా అందులో సగాన్నైనా, ఇప్పుడు చోటు ఉన్నవారిలో దాన్ని వదులుకునే వారికి ఇస్తామని ప్రకటించండి. 150 మందిలో 40 మంది ముందుకు వస్తే మీ సమస్య అద్దె ఒప్పందం లేకుండానే తీరుతుంది. ఆ సొమ్ము జీతంలో భాగంగా పన్నుకు లోబడి ఉంటుందని మాత్రం ఉద్యోగులకు ముందే చెప్పండి. ఒకప్పుడు నెలకు 1,600 రూపాయల వరకు రవాణా భత్యానికి ఉన్న మినహాయింపు, ప్రామాణిక తగ్గింపు (స్టాండర్డ్ డిడక్షన్) వచ్చిన 2018–19 ఆర్థిక సంవత్సరం నుంచి సాధారణ ఉద్యోగులకు లేదు.

అయితే నెల లెక్కన కాకుండా రోజు లెక్కన చేయండి. ఈ ఒక్క మార్పు మిగిలిన వాటన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇస్తుందని నా నమ్మకం. నెల మొత్తానికి పాస్ చేతిలో ఉన్న మనిషి దాన్ని వృథా చేయకూడదనే ఆలోచనతో వాన లేని రోజున కూడా, మెట్రో సులువుగా ఉన్న రోజున కూడా కారే తీస్తాడు. రోజుకు ఇంత అని లెక్క ఉంటే, ప్రతి ఉదయం కొత్తగా నిర్ణయించుకుంటాడు. వారంలో రెండు రోజులు మానితే ఆ రెండు రోజుల డబ్బు అతని ఖాతాలో పడుతుంది. కారు పూర్తిగా వదిలిపెట్టమంటే ఒప్పుకోనివారు కూడా వారంలో రెండు రోజులకు సులభంగానే ఒప్పుకుంటారు.

కేటాయింపు విషయంలో హోదాను పక్కన పెట్టండి. వికలాంగులకు, గర్భిణులకు, నడవడం కష్టమైన అనారోగ్యం ఉన్నవారికి లిఫ్టుకు దగ్గరగా చోటు, అదీ ఎలాంటి రుసుమూ లేకుండా, ఉండాలి. ఆ తరువాత ముగ్గురు, నలుగురు కలిసి వచ్చే కార్లకు. ఆ తరువాత బస్సులు, మెట్రో లేని వేళల్లో షిఫ్టు ఉన్నవారికి. మిగిలినదంతా ముందురోజు సాయంత్రం బుక్ చేసుకునే పద్ధతిలో అందరికీ సమానంగా తెరవండి. డైరెక్టర్లు తమ పేరున్న పలకలను తామే తీయించకపోతే ఈ విధానం మొదటి వారంలోనే కూలిపోతుంది. ఈ మాటను మీరు యాజమాన్యానికి సున్నితంగానే చెప్పవచ్చు గాని చెప్పకుండా వదలవద్దు.

ప్రశ్న: మా ఆఫీసులో పార్కింగ్‌కు రోజుకు కొంత రుసుము పెట్టబోతున్నారట. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఉదయం ఒకరిని బడిలో, ఒకరిని క్రెష్‌లో దింపి ఆఫీసుకు వెళ్లాలి. బస్సులో ఇది సాధ్యం కాదు. ఇది జీతం కోత కాదా? – ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: మీ ఆందోళన న్యాయమైనదే. ఇలాంటి విధానాలు రాసేవారు తరచుగా ఇంటి నుంచి నేరుగా ఆఫీసుకు, ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి వెళ్లే మగ ఉద్యోగినే మనసులో పెట్టుకుంటారు. బడి, క్రెష్, మందుల షాపు, కూరగాయలు, అత్తమామల ఆసుపత్రి పనులు – ఈ మజిలీలన్నీ ఎక్కువగా స్త్రీల ప్రయాణాల్లోనే ఉంటాయి. కాబట్టి రుసుము పెట్టేటప్పుడు అందరికీ నెలకు కొన్ని ఉచిత రోజులు ఇవ్వడం, చిన్నపిల్లలను దింపవలసిన వారికి మరికొన్ని రోజులు కలపడం, లేదా ప్రయాణ భత్యాన్ని ముందుగా ఉద్యోగులందరికీ సమానంగా ఇచ్చి, కారు తెచ్చినవారు అందులోంచే కట్టుకునేటట్టు చేయడం అవసరం. చివరి పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చినది. అందులో రోజూ కారు తెచ్చేవారికి నికరంగా నష్టం ఉండదు. తెచ్చినన్ని రోజులకు భత్యం సరిపోతుంది, మానిన రోజులకు డబ్బు మిగులుతుంది.

మీ సంస్థ ఇవేవీ లేకుండా నేరుగా రుసుము మాత్రమే పెడుతున్నట్లయితే, వసూలైన సొమ్ము దేనికి ఖర్చు చేస్తారని లిఖితపూర్వకంగా అడగండి. ఆ సొమ్ము షటిల్ బస్సుకో, మెట్రో పాసులకో తిరిగి రాకుండా సాధారణ ఖాతాలో కలిసిపోతే, మీరన్నట్టు అది జీతం కోతే అవుతుంది. క్రెష్‌ను ఆఫీసు ఆవరణలోనో, దగ్గరలోనో పెట్టమని కూడా అడగండి. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు నిర్ణీత దూరంలో క్రెష్ సదుపాయం కల్పించాలన్న నియమం 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. మీ ఉదయపు ప్రయాణంలో ఒక మజిలీ తగ్గడానికి అది పార్కింగ్ కంటే పెద్ద సహాయం.

ప్రశ్న: నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో సుఖంగానే వస్తాను. అక్కడి నుంచి ఆఫీసు మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లకు ఆటో ఖర్చు మెట్రో టికెట్టుకు దగ్గరగా అవుతోంది, సమయం కూడా పోతోంది. కారులో వచ్చేవారికి ఉచితంగా చోటు ఇచ్చే కంపెనీ మాకేమీ ఇవ్వదు. ఏమని అడగాలి? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: షటిల్ అడగండి, అదీ మీ సంస్థ ఒక్కదానికే కాకుండా. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు మెట్రో 2019 మార్చిలో, అక్కడి నుంచి రాయదుర్గం వరకు అదే ఏడాది నవంబరులో మొదలైంది. రైలు రాయదుర్గంలో ఆగిపోతుంది. కార్యాలయాలు మాత్రం అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా విస్తరించాయి. మెట్రో ఎక్కాలా, కారు తీయాలా అనేది ఈ చివరి మూడు నాలుగు కిలోమీటర్ల దగ్గరే తేలిపోతుంది. ఒక్కో సంస్థ విడిగా నడిపే వాహనం సగం ఖాళీగా, అరగంటకొకసారి తిరుగుతుంది. ఒకే ఆవరణలోని ఐదారు సంస్థలు కలిసి, భవన యజమాని నిర్వహణలో నడిపితే పది నిమిషాలకొకటి నడపవచ్చు. ప్రయాణికుడికి ముఖ్యమైనది వాహనం ఎంత మెత్తగా ఉందన్నది కాదు, స్టేషన్ మెట్లు దిగాక ఎంతసేపు నిలబడాలన్నది.

మీ ఆర్థిక విభాగం వారికి చెప్పదగిన రెండు విషయాలు ఉన్నాయి. ఉద్యోగిని ఇంటి నుంచి కార్యాలయానికి, తిరిగి ఇంటికి చేర్చడానికి యాజమాన్యం ఏర్పాటు చేసే వాహన సౌకర్యాన్ని ఆదాయపు పన్ను చట్టం ఉద్యోగికి అందిన ప్రయోజనంగా లెక్కించదు. అంటే అదే సొమ్మును భత్యంగా ఇస్తే పన్ను పడుతుంది, బస్సు రూపంలో ఇస్తే పడదు. రెండవది, డ్రైవరుతో కలిపి 13 మందికి మించిన సీట్లున్న వాహనాన్ని అద్దెకు తీసుకుంటే, దానిపై కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడానికి, అంటే సంస్థ కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, 2019 ఫిబ్రవరి నుంచి అడ్డు లేదు. చిన్న కార్లకు సాధారణంగా ఆ వీలు లేదు. ఉద్యోగులకు క్యాబులు పెట్టే సంస్థ మినీ బస్సుకు మారడానికి ఇది గట్టి కారణమే.

ఇదే సందర్భంలో మరొక మాట. రవాణా సదుపాయం అనగానే అందరూ ఇంజనీర్ల గురించే మాట్లాడతారు. వారికంటే రెండు గంటల ముందు వచ్చి అంతస్తులు తుడిచే, టీ పెట్టే, గేటు దగ్గర నిలబడే కాంట్రాక్టు సిబ్బంది షేర్ ఆటోల్లో, బస్సుల్లో వస్తారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది. కాని ఉదయం ఆరు గంటలకు బస్టాపు నుంచి భవనం దాకా దీపాలు లేని దారిలో నడవడం అలాగే ఉంది. మీ షటిల్ మొదటి ట్రిప్పు వారి వేళకు మొదలవ్వాలని, అందులో వారు కూడా ఎక్కవచ్చని ఆ అభ్యర్థనలోనే రాయండి.

ప్రశ్న: మా ఆఫీసులో కార్లకు సెల్లార్, బైకులకు బయట ఎండలో. నలుగురిలో ముగ్గురు బైకుల మీదే వస్తాము. ఇది సరైనదేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాదు. ఒక కారు నిలిపే చోట నాలుగు ద్విచక్ర వాహనాలు తేలికగా పడతాయి. కాబట్టి పది కార్ల చోటును మార్చితే నలభై మందికి నీడ దొరుకుతుంది. మే నెలలో విజయవాడ ఎండకు కాలిన సీటు మీద కూర్చుని ఇంటికి వెళ్లే ఉద్యోగులు, తక్కువ స్థలం వాడుకున్నందుకు శిక్ష అనుభవిస్తున్నట్టుంది. సైకిళ్లకు కూడా అక్కడే, కెమెరా కంటికి కనిపించేటట్టు, ఫ్రేముకు తాళం వేసుకునే ఇనుప కడ్డీలతో చోటు పెట్టించండి. చక్రాన్ని మాత్రమే పట్టుకునే పాతకాలపు స్టాండ్ల వల్ల సైకిలు వంగిపోతుంది, దొంగలకూ సులువు. ఒక స్నానపు గది కూడా అడగండి; మన వాతావరణంలో అది లేకుండా సైకిలు మీద రమ్మనడం ఉత్తమాటే.

ప్రశ్న: మేము నలుగురు సహోద్యోగులం ఉప్పల్ నుంచి ఒకే కారులో గచ్చిబౌలికి వెళ్తున్నాము. పెట్రోలు ఖర్చు పంచుకుంటాము. తెల్ల నంబరు ప్లేటు బండిలో ఇలా డబ్బు తీసుకోవడం నేరమని ఒకరు భయపెట్టారు. ప్రమాదం జరిగితే బీమా కూడా రాదన్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: రెండింటినీ విడివిడిగా చూడాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా వాహనాన్ని కిరాయికి నడపకూడదు. పరిచయస్థులు ఒకే దారిలో వెళ్తూ పెట్రోలు, టోల్ ఖర్చును లాభం లేకుండా పంచుకోవడం కిరాయి వ్యాపారం వంటిది కాదు. యాప్‌ల ద్వారా అపరిచితులను ఎక్కించుకుని, ఖర్చుకు మించి వసూలు చేసే సందర్భంలో మాత్రం వివాదం మొదలవుతుంది. యాప్ ద్వారా వాహనాలు సమకూర్చే సంస్థల (అగ్రిగేటర్ల) కోసం కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు యాప్‌ల ద్వారా సొంత వాహనాల పూలింగ్‌ను గుర్తించినా, దాన్ని నిషేధించే అధికారాన్ని రాష్ట్రాలకే వదిలాయి. కాబట్టి మీరు నలుగురూ నెలాఖరున ఖర్చు లెక్క రాసి సమానంగా పంచుకోండి. అంతకంటే సురక్షితమైన దారి వంతుల వారీగా ఒక్కో వారం ఒక్కొక్కరి కారు తీయడం. అప్పుడు చేతులు మారే డబ్బే ఉండదు.

బీమా విషయంలో మీరు తప్పక చూసుకోవలసినది వేరే ఉంది, దాని గురించి చాలామంది ఆలోచించరు. కారుకు చట్టం కోరే కనీస థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, ఆ కారులో కూర్చున్న తోటి ప్రయాణికులకు పరిహారం దొరకకపోవచ్చు. సమగ్ర పాలసీ, అంటే ప్యాకేజీ పాలసీ ఉంటే, కారులోని ప్రయాణికులు కూడా దాని పరిధిలోకి వస్తారని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. ఏళ్లు గడిచిన కారుకు ప్రీమియం తగ్గించుకోవడానికి థర్డ్ పార్టీతో సరిపెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నలుగురిని ఎక్కించుకునే కారుకు ఆ పొదుపు పనికిరాదు. రేపు ఉదయం బయలుదేరే ముందే నలుగురి పాలసీలూ తీసి చూడండి.

మీ సంస్థ చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. కలిసి వచ్చేవారు వెనకాడే ప్రధాన కారణం అనుకోని ఇబ్బంది: పిల్లవాడికి జ్వరమని బడి నుంచి ఫోను వస్తేనో, క్లయింటు కాల్ రాత్రి తొమ్మిది దాటితేనో ఎలా వెళ్లాలనే భయం. అలాంటి రోజుల కోసం సంస్థ ఖర్చుతో, ఏడాదికి ఇన్నిసార్లు అని పరిమితి పెట్టి, ఇంటికి క్యాబ్ ఇస్తామని హామీ ఇస్తే చాలు. అది వాడుకునే అవసరం చాలా తక్కువసార్లే వస్తుంది. ఉన్నదన్న ధైర్యమే జనాన్ని ఒకే కారు ఎక్కిస్తుంది.

ప్రశ్న: విద్యుత్ కార్లు ఉన్నవారికి మా కంపెనీ గేటు దగ్గరే ప్రత్యేకంగా చోటు, ఉచిత ఛార్జింగు ఇచ్చింది. పర్యావరణానికి ఇది మంచిదే కదా? – ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: పొగ విషయంలో మంచిదే, స్థలం విషయంలో, రద్దీ విషయంలో తేడా ఏమీ లేదు. బయోడైవర్సిటీ కూడలి దగ్గర ఇరుక్కున్న విద్యుత్ కారు కూడా పెట్రోలు కారంత రోడ్డునే ఆక్రమిస్తుంది. తెలంగాణలో విద్యుత్ వాహనాలకు 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా రద్దు చేశారు. కారు కొనగలిగినవారికి ప్రభుత్వ సహాయం అప్పటికే అందుతోంది. దానిపైన సంస్థ ఉచిత కరెంటు, గేటు దగ్గర చోటు కూడా ఇవ్వడం, బస్సులో వచ్చేవారి వైపు నుంచి చూస్తే ఎక్కువే. ఛార్జింగు పాయింట్లు పెట్టండి, కరెంటు ఖర్చు వసూలు చేయండి, బ్యాటరీ నిండగానే కారు తీయాలని నియమం పెట్టండి. ముందుగా ద్విచక్ర వాహనాలకు సాధారణ 15 ఆంపియర్ల ప్లగ్గులు ఎక్కువగా పెట్టిస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి ఉపయోగం.

ప్రశ్న: విశాఖపట్నంలో నగర ప్రణాళిక చదువుతున్నాను. ఆఫీసు పార్కింగ్ మీద ప్రభుత్వమే పన్ను వేసిన నగరాలు ఉన్నాయని మా అధ్యాపకులు చెప్పారు. అది మన నగరాల్లో సాధ్యమా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ అధ్యాపకులు చెప్పిన వాటిలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ఒకటి అయి ఉండాలి. అక్కడి నగర మండలి 2012 ఏప్రిల్ నుంచి, 11 గాని అంతకు మించి గాని పార్కింగ్ చోట్లు ఉన్న యాజమాన్యాల మీద, మొదటి ఏడాది చోటుకు 288 పౌండ్ల చొప్పున రుసుము వేసింది. బ్రిటన్‌లో అటువంటి రుసుము వేసిన మొదటి నగరం అదే. ఇంగ్లండులో 2000 నాటి రవాణా చట్టం స్థానిక సంస్థలకు ఆ అధికారం ఇచ్చింది. కట్టవలసినది యాజమాన్యం, ఉద్యోగుల నుంచి రాబట్టుకోవాలా వద్దా అనేది వారి ఇష్టం. వికలాంగుల చోట్లకు, పది, అంతకు తక్కువ చోట్లున్న చిన్న సంస్థలకు భారం లేదు. ఆ సొమ్ములో ప్రధాన భాగం ట్రామ్ మార్గాల విస్తరణకు వెళ్లింది, ఆ కొత్త మార్గాలు 2015 ఆగస్టులో మొదలయ్యాయి. రైల్వేస్టేషన్ పునర్నిర్మాణానికి, బస్సు సేవలకు కూడా కొంత వాడారు.

మన దగ్గర సాధ్యమా అన్న ప్రశ్నకు నా జవాబు: సూత్రం సాధ్యం, కాని రెండు పనులు ముందు జరగాలి. ఆఫీసు లోపల చోటు ఖరీదు కాగానే కార్లు బయట కాలనీ వీధుల్లోకి, ఫుట్‌పాత్‌ల మీదికి వస్తాయి. వీధి పార్కింగ్‌ను అదుపు చేయలేని నగరంలో ఈ రుసుము వేస్తే సమస్య సెల్లార్ నుంచి రోడ్డు మీదికి మారుతుంది, దాని బాధ నడిచేవారికి, అక్కడ నివసించేవారికి పడుతుంది. కనుక ఆఫీసుల చుట్టుపక్కల వీధుల్లో నిలిపే చోట్లు గీసి, రుసుము పెట్టి, అమలు చేయగల యంత్రాంగం మొదటి పని. రెండవది, మన భవన నిబంధనల సవరణ. మన రెండు రాష్ట్రాల నిబంధనలూ నిర్మించిన వైశాల్యంలో నిర్ణీత శాతం పార్కింగ్‌కు తప్పనిసరిగా వదలాలంటాయి. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 168వ నంబరు జీవో చదివితే ఆ ఆలోచనా విధానం మీకు అర్థమవుతుంది. మెట్రో స్టేషన్ పక్కన కట్టే భవనానికి కూడా ఇంత కంటే తక్కువ పార్కింగ్ ఉండకూడదని ఒక చేత్తో నిర్బంధిస్తూ, ఆ పార్కింగ్ మీద మరో చేత్తో పన్ను వేయడం పొసగదు. కనీస పరిమితి స్థానంలో, మంచి ప్రజా రవాణా ఉన్న చోట్ల గరిష్ఠ పరిమితి రావాలి. విశాఖలో మెట్రో ఇంకా నడవడం లేదు గనుక, స్టేషన్ల చుట్టూ ఈ నియమాలు ముందుగానే రాసుకునే అవకాశం మీ తరానికి ఉంది. మీ ప్రాజెక్టుకు ఇది మంచి అంశమని నాకు అనిపిస్తున్నది.

ప్రశ్న: మా సంస్థ షేర్ మార్కెట్‌లో నమోదైనది. ఈ ఏడాది సుస్థిరత నివేదికలో ఉద్యోగుల రాకపోకల ఉద్గారాలు కూడా చూపించాలని యాజమాన్యం అనుకుంటోంది. లెక్క ఎలా మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022–23 నుంచి తప్పనిసరి చేసిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో స్కోప్ 3 ఉద్గారాలు, అంటే సంస్థ సొంతం కాని చోట్ల దాని పనుల వల్ల పరోక్షంగా వెలువడేవి, ఐచ్ఛికమైన భాగంలో ఉన్నాయి. ఉద్యోగుల రాకపోకలు, ఉద్గారాల లెక్కకు వాడే అంతర్జాతీయ జీహెచ్‌జీ ప్రోటోకాల్ ప్రకారం స్కోప్ 3లో ఏడవ వర్గం. సంస్థ సొంత బస్సుల్లో కాలిన డీజిల్ మాత్రం స్కోప్ 1లోకి (సంస్థ నేరుగా వెలువరించేవి), ఆఫీసులో ఉద్యోగుల కార్లకు ఎక్కించిన కరెంటు మీ మీటరు మీదే నమోదవుతుంది గనుక స్కోప్ 2లోకి (కొన్న కరెంటు వల్ల వచ్చేవి) వెళ్తాయి. ఒకే కిలోమీటరును రెండుచోట్ల రాయకుండా ఇక్కడ జాగ్రత్తపడండి.

లెక్కకు కావలసినవి నాలుగే: ఇంటికీ ఆఫీసుకూ దూరం, ఏ వాహనం, అందులో ఎందరు, వారంలో ఎన్ని రోజులు. ఇంటి చిరునామా అడగవద్దు, పిన్ కోడ్ చాలు. వ్యక్తిగత వివరాలు అడిగితే జవాబులు తగ్గుతాయి. 'మీరు సాధారణంగా ఎలా వస్తారు' అని కాకుండా 'గడిచిన వారంలో ఏ రోజు ఎలా వచ్చారు' అని అడగండి. మొదటి ప్రశ్నకు జనం తమకు నచ్చిన జవాబు రాస్తారు, రెండవదానికి గుర్తున్నది రాస్తారు. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చేయండి, ఎందుకంటే బైకు మీద వచ్చేవారు వాన రోజుల్లో క్యాబుల్లోకి మారతారు. పార్కింగ్ గేటు దగ్గరి లెక్కలతో సరిపోల్చితే సర్వేలో కారు వాడకం తక్కువగా చెప్పారో లేదో తెలుస్తుంది. కాంట్రాక్టు సిబ్బందిని సర్వే నుంచి వదిలేయవద్దు. ఈ-మెయిల్ లేనివారి దగ్గరకు ఒక మనిషిని పంపి, తెలుగులోనో హిందీలోనో ప్రశ్నలు చదివి వినిపించి రాయించండి. ఆ పిన్ కోడ్‌లను పటం మీద గుర్తించగానే షటిల్ ఏ దారిలో నడపాలో, ఏ ఇద్దరు ముగ్గురిని ఒకే కారులో కలపవచ్చో కూడా అక్కడే కనిపిస్తుంది కాబట్టి, నివేదిక రాసే విభాగానికి ఇచ్చిన ప్రతిని రవాణా చూసే వారికి కూడా అదే రోజున ఇవ్వండి.